నీ గొంతుతో పలికిన రెండు మాటలు

మహారాజశ్రీ, కొండల కడుపులో దారి కొలిచే సర్వేయరమ్మ, మా అక్కగారి సముఖానికి, వినయవిధేయతలు ఏనాడూ ఎరగని తమ్ముడు ఈ ఒక్కసారికి వాటిని అరువు తెచ్చుకుని చేసుకునే విన్నపం.

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరంలో రాబోయే సకల అపరాధాలకూ ఇప్పుడే సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. అమ్మ తెల్ల దుప్పట్లన్నీ గులాబీ రంగుకు తిరిగినందుకు క్షమించు. నీ పుస్తకాల అలమర తలుపు మీద నా తడి తువ్వాలు ఆరుతున్నందుకు క్షమించు. కోడి గెలికినట్టున్న నా చేతిరాతకు క్షమించు. బావ సంగతి ఎత్తొద్దన్నావు, ఎత్తినందుకు క్షమించు, ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే దించేశాను. పైవాటిలో ఏ ఒక్కదానికీ నాకు రవ్వంత పశ్చాత్తాపం లేదని కూడా సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు కులాసా, అమ్మ నోరు ఇంకా కులాసా, నా ఆకలి సంగతి చెప్పక్కర్లేదు. నీ కూతురు బుడగ ఒంట్లో కులాసాగానే ఉంది. మిగతాది కింద రాస్తాను. నువ్వు అక్కడ దుమ్ములో, చీకట్లో కులాసాగా ఉన్నావని అనుకోవడం మా ఇష్టం కాబట్టి అలాగే అనుకుంటున్నాం.

నీ ఉత్తరం అందింది. "పిల్ల పిలిచాక నేనింకా ఇక్కడ ఏం కొలుచుకుంటూ కూర్చోను?" అని రాశావు. రాజీనామా కాగితం రాసి సంచిలో పెట్టుకున్నానని, సరుకుల లారీ వచ్చిన రోజు పెద్ద ఇంజనీరు చేతికిచ్చి, అదే లారీ ఎక్కేస్తానని రాశావు. ఈ ఉత్తరం కూడా ఆ లారీలోనే నీకు చేరుతుంది. అందుకని ఒక్క విన్నపం. దీన్ని చివరిదాకా చదవకుండా ఆ కాగితాన్ని సంచిలోంచి తీయకు. మధ్యలో నవ్వొచ్చినా ఆపకు, కోపమొచ్చినా ఆపకు. వీడి మాట ఏనాడు నిజమైంది కనక అని పక్కన పడేయకు. ఈసారి నేను తమాషాకు అనడం లేదు.

ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. నా ఫోన్ పరమపదించింది, ఆ కథ వస్తుంది. అమ్మ ఫోనుంది కానీ, మీ క్యాంపు ఆఫీసులో నీకు ఫోనొచ్చిందంటే గుమస్తా, డ్రైవరు, వంటాయన అందరూ పని మానేసి గోడకు చెవి ఆనిస్తారని నువ్వే రాశావు. ఇది నలుగురి ముందు వినాల్సిన మాట కాదు. నిజానికి, చెబుతుంటే నువ్వు ఊపిరి పీల్చుకునే చప్పుడు వినే ధైర్యం నాకు లేదు.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. పిల్ల తింటోందా? తింటోంది. జుట్టు దువ్వించుకుంటోందా? బట్టలుతికే మిషను ముందు కూర్చోబెడితే దువ్వించుకుంటుంది, లేకపోతే దువ్వెన విసిరి నా నుదురు గురి చూస్తుంది. గురి నీదే. "అసలు మాటే లేని పిల్లకు, ఇరవై నాలుగ్గంటలూ బట్టల మిషన్ల పిచ్చి తప్ప ఇంకో ధ్యాస లేని పిల్లకు, నువ్వు మాటలెలా నేర్పావురా?" అని అడిగావు. ఈ ప్రశ్నకు మాత్రం కాలరెగరేసి చెప్పనివ్వు. తర్వాత దించుకోవాల్సిన కాలరే.

నువ్వు వెళ్లిన కొత్తలో మా బడి ప్రత్యేక తరగతిలో ఏం చేసేవాళ్లమో రాశాను, గుర్తుందిగా. గోడ మీద పటం, పటంలో యాపిల్, యాపిల్ మీద నా వేలు. "ఇదేంటమ్మా? యా... యా..." అని నేను నోరు సాగదీస్తే బుడగ నా చొక్కా బొత్తాం వైపు చూసేది. గుండ్రంగా ఉంటుంది కదా. సహాయక ఉపాధ్యాయుడనే నా బిరుదుకు తగ్గట్టు ముక్కులు తుడుస్తూ, టాబ్లెట్లకు చార్జింగ్ పెడుతూ, నా కంప్యూటర్ డిగ్రీని తలుచుకుని అప్పుడప్పుడూ నిట్టూర్చేవాణ్ణి.

మన వీధి మలుపులో లాండ్రీ పెట్టిన పిన్నిగారు తెలుసుగా, అద్దం తలుపుల మిషన్లు వరసగా పెట్టుకున్నావిడ. బడి నుంచి వస్తుంటే బుడగ నా చెయ్యి విదిలించుకుని అందులోకి దూరేది. దూరి, మిషను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేది. నీళ్లు నిండడం, నురగ లేవడం, డ్రమ్ము ఓసారి ఇటు తిరిగి ఆలోచించుకుని అటు తిరగడం, అన్నీ చూసేది. యాపిల్ మీద రెప్పపాటు నిలవని చూపు ఇక్కడ అతుక్కుపోయేది. నేను లాక్కెళ్లేవాణ్ణి, అది వీధంతా వినబడేలా అరిచేది. ఓ రోజు పిన్నిగారే విసుక్కుంది.

"ఏం బాబూ, పిల్ల అంత శ్రద్ధగా చదువుకుంటుంటే లాక్కుపోతావేం?"

"చదువా? అది మిషనండీ."

"నీకు మిషను. దానికేంటో దాన్నడుగు."

అడిగే దారి లేకే కదా ఏడుస్తున్నాను అనబోయి, దాని చెయ్యి వదిలేశాను. ఆ మాట ఆవిడ వేళాకోళానికే అంది. నాకు మాత్రం నెత్తిన మొట్టికాయ పడ్డట్టయింది.

ఆ వారమంతా ఆవిడ కొట్లో వీడియోలు తీశాను. నీళ్లు పట్టడం ఒకటి, తిరగడం ఒకటి, ఆగడం ఒకటి, మూత తెరుచుకోవడం ఒకటి. వాటిని బుడగ టాబ్లెట్లో బొమ్మలుగా పెట్టి, ఒక్కో బొమ్మకు ఒక్కో మాట తగిలించాను. గొంతు మాత్రం నీది. నిన్ను ఫోన్లో "తిప్పు అను, ఆపు అను, ఇంకా అను, అమ్మ అను, కావాలి అను" అని వేధించి చెప్పించుకున్నవి ఇవే. నువ్వు వెనకాల డ్రిల్లు మోతలో అరిచి చెప్పావు, గుర్తుందా? ఆ మోత తీసేయడానికి నా డిగ్రీ పూర్తిగా ఖర్చయింది.

బొమ్మ నొక్కితే నీ గొంతు "తిప్పు" అంటుంది, తెర మీద డ్రమ్ము తిరుగుతుంది. నొక్కకపోతే తిరగదు. అంతే కిటుకు. మొదట అది నా వేలు పట్టుకుని నొక్కించింది. తర్వాత నేను చెయ్యి కాస్త వెనక్కి లాక్కున్నాను. నన్ను చూసింది, తెరను చూసింది. తనే నొక్కింది. నీ గొంతు, డ్రమ్ము తిరగడం, దాని నవ్వు, మూడూ ఒక్కసారి. ఆ నవ్వు ఎలా ఉంటుందో నీకు రాయలేను.

అక్కడి నుంచి దారి దానంతటదే పడింది. ఒక రోజు ఇంట్లో పాలు తాగి, ఖాళీ గ్లాసు అమ్మ ముందు పెట్టి "ఇంకా" నొక్కింది. అమ్మ చేతిలో గిన్నె జారి పడింది, పాలు నేలపాలు, అమ్మ ఆనందంలో మళ్లీ కాచింది. మరో రోజు నేను స్నానాల గదిలో పాట అందుకుంటే తలుపు అవతల నుంచి నీ గొంతు "ఆపు" అంది. సంగీతం తెలిసిన పిల్ల. మిషను మీద అంకెలు ఒక్కొక్కటే తగ్గుతూ రావడం చూపించి ఎదురుచూడడం నేర్పాను. ఇప్పుడు బస్సు కోసం నిలబడమంటే నిలబడుతుంది, చేతిలోని టాబ్లెట్లో అంకెలు తగ్గుతూ ఉండాలి, అంతే.

నాకు నమ్మకం కుదిరింది మాత్రం బడి వరండాలో. పక్క తరగతుల పిల్లలు ఒక్కసారిగా బయటికొచ్చి గోల చేస్తున్నారు. ఇదివరకైతే బుడగ నేల మీద పడి తల కొట్టుకునేది. ఆ రోజు ఒక చెవి భుజానికి ఒత్తుకుని, రెండోది ఒక చేత్తో మూసుకుని, ఇంకో చేతి వేలితో "తిప్పు, తిప్పు, తిప్పు" అని నొక్కింది. పక్కన మిషను లేదు, తెర వైపు చూడనూ లేదు. తన తల లోపల ఏం జరుగుతోందో చెబుతోందక్కా! ఎత్తుకుని ఖాళీ గదిలోకి తీసుకెళ్లాను. కాసేపటికి తనే "ఆపు" నొక్కి, నా భుజం మీద గడ్డం ఆనించింది.

పెద్ద మేడమ్‌కు, అంటే మా ప్రధానోపాధ్యాయురాలికి, ఇదంతా పరగడుపున వేపాకు.

"బడి అనేది పిల్లలకు ఇష్టమైంది చూపించడానికి కాదు బాబూ, తెలియాల్సింది నేర్పడానికి. నువ్వు దాని పిచ్చికి ఎరువేస్తున్నావు."

"తలుపు ఎటుంటే అటు నుంచే కదండీ లోపలికెళ్తాం. గోడకు కన్నం వేస్తామా?"

"మాటలు బాగానే ఉన్నాయి. అంచనాకొచ్చే ఆవిడ ముందు నువ్వు కాదు, అది మాట్లాడాలి."

అదే అసలు ముడి. ఏడాదికోసారి పై ఆఫీసు నుంచి ఒకావిడ వస్తుంది, పిల్లల్ని అంచనా వేయడానికి. అంచనా మేడమ్ అని నేను పెట్టిన పేరు. ఎవరి సాయమూ లేకుండా, తనంతట తాను రెండు మాటలు కలిపి అడగగలిగితే బుడగకు మామూలు తరగతిలో చోటు. అడగలేకపోతే ఊరవతల ఉన్న వసతి గృహానికి సిఫారసు. అక్కడ పిల్లలకు అన్నం పెడతారు, జోకొడతారు, లాండ్రీకి మాత్రం పంపరు. ఇది నీకు ముందే రాయలేదు. రాస్తే నువ్వు అప్పుడే లారీ ఎక్కుతావని అమ్మ వద్దంది, నేనూ సరేనన్నాను.

మా గదిలో ఒక పద్ధతి ఉందక్కా. పిల్లల టాబ్లెట్లన్నీ నా ఫోన్‌కు కలిపి ఉంటాయి. ఫ్యాన్లంటే ప్రాణం పెట్టే పిల్లాడికైనా, బస్సు నంబర్లు తప్ప ఇంకేం వద్దనే పిల్లాడికైనా, ఒక మాట ఎలా వాడాలో చూపించాలంటే నేను నా ఫోన్లో నొక్కుతాను, వాళ్ల టాబ్లెట్ పలుకుతుంది. కానీ నొక్కే ముందు ఫోన్ పైకెత్తి చూపించి, "ఇది నేను" అని చెప్పి తీరాలి. ఆ నియమం పెట్టింది నేనే. పెద్ద ఉపన్యాసం కూడా ఇచ్చాను. పిల్ల మాట పిల్లదే, అందులో మన మాట కలిపితే పాలలో నీళ్లు కలిపినట్టే అని. పెద్ద మేడమ్ కూడా ఆ ఒక్కదానికీ తలూపింది.

ఇక అంచనా రోజు. అమ్మ ఫోన్లో చెప్పిందంతా నువ్వు విన్నావు. నేను చూసింది రాస్తాను.

గది చిన్నది, విరిగిన కుర్చీలు మూల పేర్చి ఉన్నాయి. బల్లకు ఒక పక్క బుడగ, ఎదురుగా అంచనా మేడమ్. గోడవారగా అమ్మ, పెద్ద మేడమ్. తలుపు దగ్గర నేను, టాబ్లెట్ మొరాయిస్తే సరిచేసే మెకానిక్ హోదాలో.

"ఎవరూ మాట్లాడకండి. సైగలు కూడా వద్దు," అంది అంచనా మేడమ్. మంచావిడే. గొంతు మెత్తగానే ఉంది. బుడగ వైపు వంగి, "ఇప్పుడు నీకేం కావాలి తల్లీ?" అంది.

బల్ల చెక్క మీద గుండ్రంగా ఉన్న ముడి ఒకటుంది, బుడగ దాన్నే చూస్తోంది. ఆవిడ ఆగింది. మళ్లీ అడిగింది. మళ్లీ ఆగింది. అమ్మ సంచి పిడి మెలిపెడుతోంది, తెగేదాకా వదిలేలా లేదు. పెద్ద మేడమ్ గొంతు సవరించుకుంది, ఆ సవరింపులో "నేను చెప్పలా" అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది. నేను కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాను. లోపల "తిప్పు" అను, "ఇంకా" అను, "ఆపు" అను, నన్ను తిట్టు, ఏదో ఒకటి అను తల్లీ అని మొక్కుకుంటున్నాను. అంచనా మేడమ్ కలం మూత తీసింది.

అప్పుడు టాబ్లెట్ మాట్లాడింది. నీ గొంతుతో. "అమ్మ." కాస్త ఆగి, "కావాలి."

ఆ తర్వాతిది అమ్మ నీకు చెప్పనే చెప్పింది. తను భోరుమంది. పెద్ద మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, నా వీపు తట్టి "ఓడిపోయానయ్యా నీ ముందు" అంది. అంచనా మేడమ్ రాసిన కాగితంలో "సొంతంగా భావ వ్యక్తీకరణ" అనే ముక్క ఉంది, మామూలు తరగతికి సిఫారసు ఉంది. సాయంత్రానికి అమ్మ నీకు ఫోన్ చేసేసింది. నీ కన్న కూతురు, ఆరేళ్లొచ్చినా నోట మాట లేని పిల్ల, ఊరు కాని ఊళ్లో ఉన్న నిన్ను పిలిచిందని.

అమ్మ చెప్పనిది ఒకటుంది. ఆ రెండు మాటలూ వినగానే బుడగ టాబ్లెట్‌ను బల్ల మీద బోర్లా తిప్పేసింది. దాని మీద రెండరచేతులూ ఒత్తిపెట్టి కూర్చుంది. సిగ్గుపడింది అన్నారు అందరూ. నేనూ తలూపాను.

ఆ రోజు నుంచి దాని మీద ఒక్క బొమ్మా నొక్కలేదక్కా. పాల గ్లాసు ఖాళీ అయితే గోడకేసి కొడుతోంది. నేను పాడినా ఊరుకుంటోంది. నా పాటకు ఊరుకుందంటే పరిస్థితి ఎంత విషమించిందో ఆలోచించుకో. పెద్ద మేడమ్ బ్యాటరీ పాడైందేమో చూడమంది. బ్యాటరీ బంగారంలా ఉంది. మొన్న వరండాలో మళ్లీ అదే గోల, అవే పిల్లలు. టాబ్లెట్ దాని సంచిలోనే ఉంది. తీయలేదు. చెవులు మూసుకుని గోడ దగ్గరికెళ్లి, తల కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను పరిగెత్తి నా అరచెయ్యి దాని నుదుటికీ గోడకూ మధ్య పెట్టాను. చెయ్యి వాచింది. రాత ఇలా ఏడవడానికి సగం కారణం అదే. టాబ్లెట్ తీసి చేతిలో పెడితే నా చేతిని కొరికింది. వచ్చే సోమవారం నుంచి మామూలు తరగతి. గది నిండా పిల్లలు, కొత్త టీచరు, ఒక్క మాట లేని బుడగ.

తేలు కుట్టిన దొంగను చూశావా ఎప్పుడైనా? ఇల్లంతా పండగలా ఉంటే, నొప్పెక్కడో చెప్పుకోలేక నవ్వుతూ తిరుగుతాడు. "ఏంట్రా ముఖం అలా పెట్టావ్? పిల్ల గెలిస్తే నీకు దిగులేంట్రా?" అని అమ్మ. "అలసిపోయానమ్మా" అని నేను.

ఇప్పుడు ఫోన్ కథ. పోయిన శనివారం అమ్మ దుప్పట్లు పట్టుకుని లాండ్రీకి వెళ్లాం. మిషన్లో వేసి, సబ్బు పోసి, డబ్బులివ్వడానికి పిన్నిగారి దగ్గరికి వెళ్లబోతున్నాను. ఫోన్ బెంచీ మీద పెట్టాను, దానికి ఎర్ర గుడ్డ తొడుగు ఉంటుందిగా. బుడగ లేచింది. ఫోన్ అందుకుంది. ఆడుకోవడానికి కాదు, తెర వంక కూడా చూడలేదు. మిషను దగ్గరికెళ్లి, దుప్పట్ల మధ్యలో లోపలికంటా కుక్కి, అద్దం తలుపు టక్కున మూసి, మీట నొక్కింది. ఇవన్నీ నేను రెండడుగుల దూరంలో నిలబడి చూశాను. ఆపొచ్చు. ఆపలేదు.

నీళ్లు నిండాయి. నా ఫోన్ అద్దానికి ఓసారి కనబడి, నురగలో మునిగి, మళ్లీ కనబడింది. పిన్నిగారు పరిగెత్తుకొచ్చింది.

"అయ్యయ్యో, ఫోను! ఆపు బాబూ, మీట ఆపు!"

"వద్దండీ, తిరగనివ్వండి."

"పిల్లకేనా నీకూ పట్టిందా మిషను పిచ్చి?"

బుడగ నవ్వలేదు. మిషను ఆగేదాకా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆగాక తన సంచిలోంచి, అన్ని రోజుల తర్వాత, టాబ్లెట్ బయటికి తీసింది. నొక్కలేదు. చెవికి ఆనించుకుని విన్నది. చాలాసేపు విన్నది. తను నొక్కకుండా అది తనంతట తాను ఏమైనా మాట్లాడుతుందేమోనని వింటోందని నాకు తెలిసింది. టాబ్లెట్ మాట్లాడలేదు. నా రెండు చేతుల వైపూ చూసింది. ఖాళీగా ఉన్నాయి. టాబ్లెట్ మళ్లీ సంచిలో పెట్టుకుంది. గులాబీ దుప్పట్లు పట్టుకుని ఇంటికొచ్చాం. మిషన్ల పిచ్చి ముదిరిందని అమ్మ గొణిగింది. పిచ్చి కాదమ్మా, అంతకంటే తెలివైన పని ఈ ఇంట్లో ఇంకెవరూ చేయలేదు అనలేకపోయాను.

నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అయినా నా చేత్తో నేను రాయాలి. ఒకసారి వెనక్కి వెళ్లి చూడు. "టాబ్లెట్ మాట్లాడింది" అని రాశాను. బుడగ అడిగిందని నేను ఎక్కడా రాయలేదు. అబద్ధం రాయకుండా నిజం దాచడానికి నా చదువు ఆ మాత్రం పనికొచ్చింది.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి నేరుగా అంచనా మేడమ్ ఆఫీసుకు వెళ్తున్నాను, సోమవారం రాకముందే. సిఫారసు కాగితం వెనక్కి తీసుకుంటుందో, మళ్లీ వచ్చి చూస్తుందో, నన్ను బడి గేటు దాటి రానివ్వకుండా చేస్తుందో తెలియదు. మళ్లీ రమ్మనీ, ఈసారి నన్ను వీధి చివర నిలబెట్టి చూడమనీ కాళ్లు పట్టుకుంటాను. వసతి గృహం మాట మళ్లీ లేస్తుంది. అది నా వల్లే. అమ్మకు ఇందాకే చెప్పాను. కొట్టలేదు. కొడితే బాగుండేది. కుర్చీలో కూర్చుని, "మరి దానికి నేనేం చెప్పానురా ఫోన్లో" అంది. దానికి అంటే నీకు.

రాజీనామా ఇవ్వాలో వద్దో నీ ఇష్టం. కొండకు రెండు వైపుల నుంచీ నీ కొలత ప్రకారం సొరంగం తవ్వుకొస్తున్నారు, ఆ రెండూ కలిసే రోజు అక్కడ నువ్వుండాలని ఎంత ఆశపడ్డావో నాకు తెలుసు. పిల్ల కోసం వస్తావా, రా. ఇక్కడ నువ్వు అవసరమే. కానీ పిల్ల పిలిచిందని మాత్రం రాకు. నువ్వంటే దానికి ఇష్టం లేదని కాదు అక్కా. ఉందో లేదో, ఎంత ఉందో, అది ఇంకా చెప్పలేదు. నేను చెప్పేశాను.

ఎందుకు చేశావురా అంటావు. వసతి గృహానికి పంపేస్తారని భయం. అదొక్కటే అయితే నా ముఖం నేను చూసుకోగలిగేవాణ్ణి. పెద్ద మేడమ్ ముందు నేను ఓడిపోకూడదని కూడా. ఏది ఎక్కువో కొలిచి చెప్పే పరికరం నీ దగ్గర ఉంటే పంపు.

ఇంకొక్కటి మిగిలింది. ఇది అమ్మకు కూడా చెప్పలేదు.

ఆ గదిలో బుడగ ఊరికే కూర్చోలేదు. అంచనా మేడమ్ కాగితం వైపు చూస్తోంది, అమ్మ కళ్లు మూసుకుంది, పెద్ద మేడమ్ కిటికీ వైపు తిరిగింది. దాన్ని చూస్తున్నది నేనొక్కణ్ణే. బల్ల మీది ముడి వదిలేసి, అది వేలు పైకెత్తింది. తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే దాటుకుంటూ, వెతుక్కుంటూ, మెల్లగా వెళ్తోంది ఆ వేలు. అది చెప్పబోతోంది. నాకు కనబడింది. కనబడుతూనే ఉంది, అయినా ఆవిడ కలం కాగితాన్ని తాకేలోపు ఆ వేలు దిగదేమోనని, వీపు వెనక ఉన్న ఫోన్ మీద నేను "అమ్మ" నొక్కాను. తర్వాత "కావాలి" నొక్కాను. దాని వేలు గాల్లోనే నిలిచిపోయింది. అది ఏ బొమ్మ మీద దిగబోయిందో నాకు తెలియదు.

ఇట్లు,
నీ తమ్ముడు